రోమన్లు ఏ భాషలో మాట్లాడుకునేవారు? లాటిన్, గ్రీకుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రాచీన రోమ్ భాష సంగతి చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు: "వాళ్లది లాటిన్". అక్కడే ఆగిపోతే రోమ్ మనకు సగమే కనిపిస్తుంది. అధికారం లాటిన్‌లో నడిచింది, చదువు గ్రీకులో నడిచింది, రేవుల్లో, సంతల్లో రెండూ కలిసిపోయాయి. పైగా ఈ వ్యవహారం రెండు వైపులా సమానంగా సాగలేదు. గెలిచినవాళ్లు ఓడినవాళ్ల భాష నేర్చుకున్నారు. ఓడినవాళ్లలో చాలామంది గెలిచినవాళ్ల భాష జోలికి పోలేదు. చరిత్రలో ఇది అరుదు, అందుకే నాకు ఈ విషయం మీద అంత ఇష్టం.

రోమన్ల మాతృభాష లాటినే కదా? గ్రీకు మధ్యలోకి ఎందుకు వచ్చింది?

రోమ్‌లో పుట్టి పెరిగినవాళ్ల భాష లాటినే. టైబర్ నది దిగువన ఉన్న లాటియమ్ అనే చిన్న మైదానం పేరు మీద ఆ భాషకు ఆ పేరు వచ్చింది. మొదట్లో ఇటలీలోని చాలా భాషల్లో అదీ ఒకటి, అంతే. ఉత్తరాన ఎట్రుస్కన్, కొండల్లో ఆస్కన్, ఉంబ్రియన్, దక్షిణాన సముద్రం పొడుగునా గ్రీకు ఊళ్లు ఉండేవి. ఇప్పటి నేపుల్స్ అసలు పేరు నెయాపోలిస్, గ్రీకులో 'కొత్త ఊరు' అని అర్థం. క్రీ.పూ. 239లో దక్షిణ ఇటలీలో పుట్టిన కవి ఎన్నియస్, తనకు గ్రీకు, ఆస్కన్, లాటిన్ వచ్చు కాబట్టి తనకు మూడు హృదయాలున్నాయని చెప్పుకునేవాడు.

కాబట్టి గ్రీకు ఎక్కడో దూరదేశం నుంచి వచ్చిపడలేదు, పక్క ఊరి భాషగానే మొదలైంది. లాటిన్ లిపి కూడా గ్రీకు లిపి నుంచి ఎట్రుస్కన్ల చేతుల మీదుగా వచ్చిందే. నూనెను ఓలియుమ్ అన్నా, స్నానాల గదిని బల్నెయుమ్ అన్నా, యంత్రాన్ని మాకినా అన్నా అవన్నీ గ్రీకు మాటలే. పండితులు తెచ్చిన మాటలు కావివి. వ్యాపారులు, వంటవాళ్లు, పడవలవాళ్లు తెచ్చినవి.

మరి సాహిత్యం? లాటిన్‌లో మొదటి రచనలు ఎవరివి?

లాటిన్ సాహిత్యాన్ని మొదలుపెట్టింది ఒక గ్రీకువాడు. దక్షిణ ఇటలీలోని గ్రీకు నగరం తారెంతుమ్ ప్రాంతం నుంచి వచ్చిన లివియస్ ఆండ్రోనికస్ క్రీ.పూ. 240లో రోమ్‌లో లాటిన్ నాటకం ఆడించాడు. హోమర్ 'ఒడిస్సీ'ని లాటిన్ పద్యాల్లోకి తెచ్చాడు. ఆ పని చేస్తూ అతను గ్రీకు ఛందస్సును పట్టుకురాలేదు. ఇటలీలో అప్పటికే ఉన్న సాటర్నియన్ ఛందస్సులో రాశాడు. గ్రీకు కళాదేవత మూసాను కూడా వదిలేసి, రోమన్లకు తెలిసిన కామేనా అనే దేవతను పిలిచాడు. ఒక భాషలోంచి ఇంకో భాషలోకి కావ్యాన్ని తేవడమంటే ఏమిటో ఆ ఒక్క మార్పు చూస్తే తెలుస్తుంది. నన్నయతో మొదలైన సాహిత్యం ఉన్న మనకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

దీనికి ఎదురు కథ కూడా ఉంది. రోమ్ చరిత్రను మొదట రాసిన రోమన్ ఫాబియస్ పిక్టర్, క్రీ.పూ. 200 ప్రాంతంలో ఆ పుస్తకాన్ని గ్రీకులో రాశాడు. మా ఊరు ఇలాంటిది అని లోకానికి చెప్పాలంటే లోకం చదివే భాషలోనే చెప్పాలి కదా.

రోమన్ పిల్లలు గ్రీకు ఎలా నేర్చుకునేవారు?

డబ్బున్న ఇళ్లలో పలక పట్టకముందే మొదలయ్యేది. పిల్లల్ని చూసుకునే దాదులు, బడికి వెంట తీసుకెళ్లే బానిసలు చాలాచోట్ల గ్రీకు మాట్లాడేవాళ్లే. క్రీ.శ. 1వ శతాబ్దంలో చదువుల గురించి పెద్ద గ్రంథం రాసిన క్వింటిలియన్, పిల్లవాడికి ముందు గ్రీకే నేర్పమన్నాడు. లాటిన్ చుట్టూ వినపడుతూనే ఉంటుంది, వద్దన్నా వస్తుంది అని ఆయన లెక్క. అయితే ఎక్కువకాలం గ్రీకు ఒక్కటే మాట్లాడిస్తే లాటిన్ యాస పాడవుతుందని, వెంటనే లాటిన్ కూడా మొదలుపెట్టమని హెచ్చరించాడు.

చదువు పైకి వెళ్లేకొద్దీ ప్రయాణాలు. పేరున్న వక్త, రాజకీయ నాయకుడు సిసెరో ఏథెన్స్‌లో, రోడ్స్ ద్వీపంలో చదువుకున్నాడు. కొడుకునూ ఏథెన్స్ పంపాడు.

బడిలో వాడిన రెండు భాషల పాఠాలు కొన్ని మనదాకా వచ్చాయి. ఒక వరసలో గ్రీకు, పక్క వరసలో లాటిన్. ఒక్కో వరసలో ఒకటి రెండు మాటలే. వాటిలో ఒక పిల్లవాడి పొద్దున్న ఇలా ఉంటుంది: తెల్లారకముందే లేచాను. మంచం దిగి కూర్చున్నాను. మేజోళ్లు, బూట్లు తెచ్చుకుని తొడుక్కున్నాను. మొహానికి నీళ్లు అడిగాను. ముందు చేతులు, తర్వాత మొహం కడుక్కున్నాను. తుడుచుకున్నాను. ఇంత మామూలు సంగతులతోనే భాష నేర్పేవారు. ఇప్పటి స్పోకెన్ ఇంగ్లీషు పుస్తకం తెరిచి చూడండి, మొదటి పాఠం దాదాపు ఇదే.

గ్రీకు రాకపోతే రోమన్లు చిన్నతనంగా భావించేవారా?

దీనికి ఒక్క జవాబు చెప్పలేం. రాకపోతే చిన్నతనం, మరీ బాగా వస్తే అనుమానం. పెద్దమనుషులు ఈ రెండింటి మధ్యా నలిగేవారు.

ముందు చిన్నతనం కథ. క్రీ.పూ. 282లో పోస్తుమియస్ అనే రాయబారి తారెంతుమ్ నగరానికి వెళ్లి సభలో గ్రీకులో మాట్లాడాడు. అతని తప్పులకు జనం పగలబడి నవ్వారు. అనాగరికుడన్నారు. ఒకడైతే దగ్గరికి వచ్చి అతని తోగా (రోమన్ పౌరులు ఒంటికి చుట్టుకునే వస్త్రం) మీద మలినం చేశాడు. పోస్తుమియస్ ఆ బట్టను అలాగే అందరికీ చూపించి, ఇప్పుడు నవ్వుకోండి, ఈ మరక మీ రక్తంతో కడుగుతాం అన్నాడని హాలికర్నాసస్‌కు చెందిన గ్రీకు చరిత్రకారుడు డయొనీసియస్ రాశాడు. యుద్ధం వచ్చింది. క్రీ.పూ. 272లో తారెంతుమ్ రోమ్ చేతికి చిక్కింది. యుద్ధానికి కారణాలు వేరే చాలా ఉన్నాయి. అయినా ఆ కథలో తరాలపాటు గుర్తుండిపోయింది ఆ నవ్వే.

తర్వాతి తరాల్లో మాట ఎవరి భాషలో చెప్పాలన్నది పరువు సమస్య అయింది. రోమన్ నాయకుడు పెద్ద కేటో ఏథెన్స్ సభలో లాటిన్‌లోనే మాట్లాడి, దుబాసీ చేత గ్రీకులో చెప్పించాడు. కావాలంటే అతనే గ్రీకులో మాట్లాడగలిగేవాడని గ్రీకు రచయిత ప్లూటార్క్ అంటాడు. క్రీ.పూ. 168లో పిడ్నా దగ్గర మాసిడోనియాను ఓడించిన ఎమీలియస్ పౌలస్ ఇంకా జాగ్రత్తపరుడు. బందీగా వచ్చిన రాజు పెర్సియస్‌తో గ్రీకులో మాట్లాడాడు. మరుసటి సంవత్సరం ఆంఫిపోలిస్‌లో ఓడిన దేశానికి షరతులు ప్రకటించేటప్పుడు మాత్రం లాటిన్‌లో చెప్పాడు. పక్కనున్న అధికారి దాన్ని గ్రీకులోకి మార్చాడు. ఓదార్పు గ్రీకులో, ఆజ్ఞ లాటిన్‌లో. అదే మనిషి రాజుగారి గ్రంథాలయాన్ని తన కొడుకుల కోసం రోమ్‌కు తెచ్చుకున్నాడు.

ఎక్కువ గ్రీకు మాట్లాడితే వచ్చే తంటా సిసెరోకు ఎదురైంది. సిరక్యూజ్ ఊరి సభలో ఆయన గ్రీకులో మాట్లాడినందుకు, రోమన్ సెనేటర్ గ్రీకుల మధ్య గ్రీకులో మాట్లాడటం తగునా అని ప్రత్యర్థి పక్షం తప్పుపట్టింది. తిబేరియస్ చక్రవర్తికి గ్రీకు ధారాళంగా వచ్చు. అయినా సెనేట్‌లో 'మోనోపోలియుమ్' అనే గ్రీకు మాట వాడాల్సి వచ్చినప్పుడు ముందే క్షమాపణ అడిగాడు. ఒక తీర్మానంలో 'ఎంబ్లేమా' అనే మాట వస్తే, దానికి బదులు లాటిన్ మాట వెతకమన్నాడు, దొరక్కపోతే నాలుగు మాటల్లో విడదీసి చెప్పమన్నాడు. సాక్ష్యం కోసం ఒక సైనికుణ్ణి గ్రీకులో ప్రశ్నిస్తే, లాటిన్‌లోనే జవాబు చెప్పమన్నాడు. గ్రీకు రాక కాదు అదంతా. సెనేట్ గడపలోపల లాటిన్ పరువు కాపాడాలని.

సీజర్ చనిపోతూ "నువ్వు కూడానా బ్రూటస్" అన్నాడా?

'ఎట్ తు, బ్రూతే' అనే ఆ లాటిన్ వాక్యాన్ని లోకమంతా ఎరిగేలా చేసింది షేక్‌స్పియర్ నాటకం. చక్రవర్తుల జీవిత చరిత్రలు రాసిన రోమన్ సుయెటోనియస్ చెప్పేది వేరు. సీజర్ ఒక మూలుగు తప్ప మాట లేకుండా చనిపోయాడని చెప్పి, కొందరు మాత్రం అతను బ్రూటస్‌ను చూసి "కై సు టెక్నోన్" అన్నాడంటారని రాశాడు. అది గ్రీకు: "నువ్వూనా, బిడ్డా". అలాగే క్రీ.పూ. 49లో రూబికన్ నది దాటేటప్పుడు పాచిక వేసేద్దాం అన్న మాటను సీజర్ గ్రీకులోనే అన్నాడని ప్లూటార్క్ అంటాడు. అది గ్రీకు నాటకకర్త మెనాండర్ రచనలోని మాట.

ఇవి నిజంగా అన్నవో కావో పక్కన పెట్టండి. గుండె ఉద్వేగంతో ఉన్నప్పుడు చదువుకున్న రోమన్ నోట గ్రీకు రావడం అప్పటి పాఠకులకు వింతగా తోచలేదు. నాకు అదే ముఖ్యం.

సీజర్ విషయంలో ఇంకో ముచ్చట. క్రీ.పూ. 54 చలికాలంలో గౌల్‌లో (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం) సిసెరో తమ్ముడు క్వింటస్ శిబిరం ముట్టడిలో చిక్కింది. సాయం వస్తున్నానని సీజర్ గ్రీకు అక్షరాల్లో ఉత్తరం రాశాడు, దారిలో శత్రువు చేతికి చిక్కినా అర్థం కాకూడదని. తెచ్చినవాడు దాన్ని ఈటెకు కట్టి లోపలికి విసిరాడు. ఆ ఈటె ఒక బురుజుకు గుచ్చుకుని రెండు రోజులు ఎవరి కంటా పడలేదు. మూడోరోజు ఒక సైనికుడు చూసి తీసుకెళ్లి ఇచ్చాడు.

'సీజర్', 'సిసెరో' అని రోమన్లు అలాగే పలికేవారా?

లేదు. కైసర్, కికెరో అనేవారు. అప్పటి గ్రీకులు ఈ పేర్లను 'క' ధ్వని అక్షరంతో రాసుకున్నారు, అది మంచి ఆధారం. మన లిపిలో ఆ అసలు పలుకుబడి ఏ ఇబ్బందీ లేకుండా రాయగలం. ఇక్కడ అలవాటైన రూపాలే వాడుతున్నాను.

అక్షరాల మాట వచ్చింది కాబట్టి: లాటిన్‌కు వై, జెడ్ అక్షరాలు అవసరం ఉండేవి కావు. గ్రీకు మాటలు సరిగ్గా రాయడం కోసం క్రీ.పూ. 1వ శతాబ్దంలో వాటిని వరస చివర చేర్చారు. ఇంగ్లీషు అక్షరమాల చివర అవి రెండూ ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

తూర్పు రాష్ట్రాల్లో ప్రభుత్వం ఏ భాషలో నడిచింది?

గ్రీస్, ఆసియా మైనర్, సిరియా, ఈజిప్టుల్లో రోజువారీ పాలన గ్రీకులోనే సాగింది. అలెగ్జాండర్ కాలం నుంచీ అక్కడి కాగితాల భాష అదే. రోమన్లు దాన్ని కదిలించలేదు. చక్రవర్తి కార్యాలయంలో ఉత్తరాలకు లాటిన్ విభాగం వేరు, గ్రీకు విభాగం వేరు. సైన్యంలో, రోమన్ చట్టంలో మాత్రం లాటిన్‌దే పైచేయి. రోమన్ పౌరుడి వీలునామా లాటిన్‌లోనే ఉండాలనే నిబంధన చాలాకాలం నడిచింది, క్రీ.శ. 3వ శతాబ్దంలో సెవెరస్ అలెగ్జాండర్ కాలానికి గానీ గ్రీకులో రాసుకునే వెసులుబాటు రాలేదు.

దీన్ని కళ్లతో చూడాలంటే తుర్కియే రాజధాని అంకారాలో మొదటి రోమన్ చక్రవర్తి ఆగస్టస్ పేరిట ఆలయం ఉంది. తాను సాధించిన పనులన్నీ ఆగస్టస్ స్వయంగా చెప్పిన పెద్ద శాసనం దాని గోడల మీద ఉంది. లాటిన్ పాఠం ముందు మండపం లోపలి గోడల మీద, గ్రీకు అనువాదం బయటి గోడ మీద.

పౌరసత్వానికి, భాషకు ఉన్న ముడి గురించి క్లాడియస్ చక్రవర్తి కథలు రెండు చెప్పాలి. ఆసియా మైనర్‌లోని లికియా నుంచి వచ్చి పౌరసత్వం పొందిన ఒకతను లాటిన్‌లో అడిగిన ప్రశ్న అర్థం చేసుకోలేకపోతే, రోమన్ల భాష రానివాడు రోమన్‌గా ఉండకూడదని చెప్పి అతని పౌరసత్వం తీసేశాడు. ఇదే క్లాడియస్ గ్రీకులో చరిత్రలు రాశాడు. రెండు భాషలూ వచ్చిన ఒక విదేశీయుడితో, నీకు "మన రెండు భాషలూ" వచ్చే అన్నాడు. ఆ 'మన' అనే మాట చూడండి. తారెంతుమ్‌లో రాయబారిని చూసి నవ్విన భాష, 300 ఏళ్లు పైబడ్డాక చక్రవర్తి నోట సొంత భాష అయింది.

గ్రీకులు లాటిన్ నేర్చుకునేవారా?

తక్కువ. ప్లూటార్క్ లాటిన్ పుస్తకాలు చదవడం బాగా పెద్దయ్యాక మొదలుపెట్టానని చెప్పుకున్నాడు. డయొనీసియస్ లాంటివాళ్లు 22 ఏళ్లు రోమ్‌లో ఉండి శ్రద్ధగా నేర్చుకున్నారు, కానీ రాసింది గ్రీకులోనే. రోమ్‌లో వైద్యం చేసిన గాలెన్ కూడా గ్రీకులోనే రాశాడు. చక్రవర్తి మార్కస్ అరీలియస్ తన మనసులోని మాటలు రాసుకున్నదీ గ్రీకులోనే.

అయితే దెనారియస్ (నాణెం), కెంతూరియో (నూరుమంది దళపతి), లెగియో (సేనా విభాగం) లాంటి పాలన మాటలు గ్రీకులో చేరిపోయాయి. క్రీ.శ. 4వ శతాబ్దానికి లాటిన్ ఉద్యోగ భాష అయింది. బేరూత్ న్యాయ విద్యాలయానికి కుర్రాళ్లు బారులు తీరారు. అంతియోక్‌లో గ్రీకు వక్తృత్వం చెప్పే లిబానియస్ తన దగ్గరి విద్యార్థులు అటు పోతున్నారని వాపోయాడు. అదే అంతియోక్‌లో పుట్టిన గ్రీకువాడు అమ్మియానస్ మాత్రం రోమ్ చరిత్రను లాటిన్‌లో రాశాడు.

గ్రీకు వల్ల లాటిన్ దెబ్బతిందా, బాగుపడిందా?

బాగుపడింది, కానీ దానంతట అది కాదు. కొందరు కూర్చుని కష్టపడ్డారు. రోమన్ కవి లుక్రేషియస్ గ్రీకు తత్వాన్ని లాటిన్ పద్యాల్లో చెప్పబోయి మా భాషలో మాటలు చాలడం లేదని బాధపడ్డాడు. సిసెరో ఆ లోటు పూడ్చడానికి మాటలు తయారు చేశాడు. గ్రీకులో 'పొయోతేస్' అనే మాట ఉంది, 'ఎలాంటిది' అనే ప్రశ్నలోంచి పుట్టింది. సిసెరో లాటిన్‌లో 'ఎలాంటి' అనే అర్థమున్న 'క్వాలిస్' తీసుకుని క్రీ.పూ. 45లో 'క్వాలితాస్' అనే మాట చేశాడు. కొత్త మాట వాడుతున్నానని చదివేవాళ్లకు ముందే చెప్పుకున్నాడు కూడా. నైతికం అనే అర్థంలో 'మోరాలిస్' కూడా ఆయన చేసిందే.

ఈరోజు రైతుబజార్లో టమాటాలు తిరగేసి "క్వాలిటీ లేదండీ" అంటున్న మనిషి నోట ఉన్నది సిసెరో చేసిన ఆ మాటే. గ్రీకు మాటను అలాగే లాటిన్ అక్షరాల్లో దించేసి ఉంటే ఈ మాట పుట్టేది కాదు. పరభాషలోని ఆలోచనను తీసుకుని సొంత ధాతువులతో మాట కట్టుకోవడం ఎలాగో నేర్చుకోవాలంటే నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ కనిపించదు.

సామాన్యుల సంగతేమిటి? వాళ్లకు రెండు భాషలు వచ్చా?

చాలామందికి వచ్చు, పుస్తకాల ద్వారా కాదు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆధారాలు ఇక్కడే ఉన్నాయి.

క్రీ.శ. 2వ శతాబ్దం మొదట్లో ఈజిప్టులో క్లాడియస్ తెరెంతియానస్ అనే సైనికుడు కరానిస్ ఊళ్లో ఉన్న తండ్రి తిబెరియానస్‌కు ఉత్తరాలు రాశాడు. కొన్ని లాటిన్‌లో, కొన్ని గ్రీకులో, మనిషి మాత్రం ఒక్కడే. కత్తి పంపు, బట్టలు పంపు, బూట్లు పంపు అని అడుగుతాడు. ఆ లాటిన్ సిసెరో లాటిన్ కాదు. వ్యాకరణం సడలి, నోటి మాట ఎలా ఉందో అలాగే కాగితం మీదికి వచ్చింది. తర్వాత ఇటాలియన్, స్పానిష్ ఎటువైపు నుంచి వచ్చాయో ఆ ఉత్తరాల్లో జాడ దొరుకుతుంది.

రెండోది అదే శతాబ్దానికి చెందిన రావెన్నా రేవు పత్రం. ఒక బానిస బాలికను అమ్మినట్టు అమ్మకందారు రాసిచ్చినది. భాష లాటిన్, అక్షరాలు గ్రీకు. మిలేతుస్ నుంచి వచ్చిన ఆ గ్రీకువాడికి లాటిన్ నోటికి వచ్చు, చేతికి రాదు. ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే మనకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. ఆ పత్రంలో చేతులు మారిన పిల్ల ఏ భాషలో ఏడ్చిందో మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. రోమ్‌కు గ్రీకు వచ్చిన దారుల్లో బానిస సంత కూడా ఒకటని మర్చిపోకూడదు.

తొలి క్రైస్తవులు రోమ్‌లో లాటిన్ వాడలేదా?

మొదట్లో గ్రీకే. పౌలు రోమ్‌లోని విశ్వాసులకు రాసిన లేఖ గ్రీకులో ఉంది, ఎందుకంటే ఆ సంఘంలో తూర్పు నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ. ఆరాధన లాటిన్‌లోకి మారడానికి శతాబ్దాలు పట్టింది. జెరోమ్ లాటిన్ బైబిల్ పని మొదలుపెట్టింది క్రీ.శ. 382 ప్రాంతంలో.

మన ప్రాంతంతో వీటికి ఏమైనా సంబంధం ఉందా?

ఉంది. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో రోమన్ వెండి నాణేల నిధి దొరికింది. తెలుగు రాష్ట్రాల్లో రోమన్ నాణేలు దొరికిన చోట్లు ఇంకా ఉన్నాయి. వాటి మీద అక్షరాలు లాటిన్. కానీ ఆ వ్యాపారం చేసినవాళ్ల కాగితాలు గ్రీకు. హిందూ మహాసముద్రం రేవుల గురించి క్రీ.శ. 1వ శతాబ్దంలో రాసిన 'పెరిప్లస్' గ్రీకులో ఉంది. సన్నని నూలు బట్టలు దొరికే 'మసాలియా' అని అందులో చెప్పిన తీరం మచిలీపట్నం ప్రాంతమని పండితులు అంటారు. కేరళ ముజిరిస్ రేవు నుంచి వెళ్లిన సరుకుల పత్రం కూడా గ్రీకులోనే ఉంది. డబ్బు మీద లాటిన్, పద్దులో గ్రీకు: రోమ్ సామ్రాజ్యం మొత్తం ఈ రెండు వస్తువుల్లో కనిపిస్తుంది.

దెనారియస్ అనే లాటిన్ మాట సంస్కృతంలో దీనారం అయింది. నాగార్జునకొండ ఇక్ష్వాకుల కాలపు శాసనంలో 'దీనారి మాషకాల' దానం ప్రస్తావన ఉంది. జ్యోతిషం ద్వారా గ్రీకు 'కెంత్రోన్' మనకు కేంద్రం అయింది, 'హోరా' హోర అయింది.

ఈ రెండు భాషల బంధం ఎప్పుడు తెగింది?

ఒక్కరోజులో కాదు. పడమట గ్రీకు చదువు ముందే సన్నగిల్లింది. ఆఫ్రికాలో పెరిగిన క్రైస్తవ రచయిత అగస్టీన్ చిన్నప్పుడు గ్రీకు పాఠమంటే తనకు ఎంత అసహ్యమో, దెబ్బల భయంతో ఎలా చదివాడో మనసు విప్పి రాసుకున్నాడు. తూర్పున లాటిన్ తర్వాత పోయింది. తూర్పు రోమన్ చక్రవర్తి జస్టీనియన్ రోమన్ చట్టాన్ని క్రీ.శ. 529–534 మధ్య లాటిన్‌లో క్రోడీకరించాడు. కానీ 535లో ఒక కొత్త చట్టాన్ని, అందరికీ అర్థం కావాలి కాబట్టి మన తండ్రుల భాషలో కాకుండా గ్రీకులో రాస్తున్నామని చెప్పి ఇచ్చాడు. 629 నాటికి హెరాక్లియస్ చక్రవర్తి తన బిరుదును గ్రీకులో 'బసిలెయుస్' (రాజు) అని పెట్టుకున్నాడు.

ఆ గ్రీకు మాట్లాడే జనం మాత్రం తమను తాము రోమన్లు అనే చెప్పుకుంటూ వచ్చారు, రోమ్ పడిపోయాక వెయ్యేళ్ల పాటు, ఆ తర్వాత కూడా. తుర్కియేలో నల్ల సముద్రం ఒడ్డున ట్రాబ్జాన్ కొండ ఊళ్లలో ఇప్పటికీ కొందరు ఇంట్లో మాట్లాడుకునే ఒక గ్రీకు మాండలికం ఉంది. దాని పేరు రోమెయికా.